గుంటూరు, ప్రకాశము సీమలలో సంగీత సమ్మేళనము: దూదేకుల కళాకారుల పాత్ర

వేర్వేరు సంగీత సంప్రదాయములకు చెందిన గాయకులు, వాదకులు ఒక్క వేదికపై కూడుట, ఒకరి పద్ధతిని మఱియొకరు గ్రహించుట నేడు లోకవ్యాప్తమైన విషయము. పండిత రవిశంకరును, పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడగు యెహూదీ మెనుహిన్‌ను కలసి 1967లో వెలువరించిన గ్రామఫోను రికార్డు దేశదేశములలో ప్రసిద్ధి గాంచినది. 1970 దశకమున ఆంగ్లదేశపు గిటారు వాదకుడు జాన్ మెక్‌లాఫ్లిన్ హిందుస్థానీ, కర్ణాటక విద్వాంసులను చేర్చుకొని 'శక్తి' అను బృందమును నెలకొల్పెను. మన ఆంధ్రదేశమునుండి పాలకొల్లు వాస్తవ్యుడగు ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) విద్యుత్ మాండలిన్‌పై త్యాగరాజ కీర్తనలు వాయించి పండితులను మెప్పించి, పిమ్మట 1995లో కెనడా దేశీయుడగు మైకేల్ బ్రూక్‌తో కలసి 'డ్రీమ్' అను సంపుటమును వెలువరించెను. మెక్‌లాఫ్లిన్ పునరుద్ధరించిన శక్తి బృందమునను పాల్గొనెను. పాప్, రాక్ సంగీతములతో మన విద్వాంసులకు ఏర్పడిన పొత్తునుగూర్చి వ్రాయువారెల్లరు ఈ ఉదాహరణములనే పేర్కొనుట పరిపాటి.

వీనిని చదువువారికి సంగీత సమ్మేళనమనునది విమానయానముతోడను, ధ్వనిముద్రణశాలతోడను పుట్టినదను భావము కలుగుట సహజము. ఆ భావము సరియైనది కాదు. గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలలో, ప్రత్తిచేల నడుమ, అంతకు చాల ముందే అట్టి రాకపోకలు జరిగినవి. అవి చేసినవారిలో ముఖ్యులు దూదేకుల కుటుంబములవారు. గుడిముందటి నాదస్వరమునుండి తిరునాళ్ళ బుర్రకథ వఱకు వారి పేరు వినవచ్చును. వారు పరసంప్రదాయమును అలంకారముగ తగిలించుకొనలేదు. దాని శిక్షణను ఆసాంతము పొంది లోనికి ప్రవేశించిరి. సమ్మేళనము నిలిచిన తావులందెల్ల ఇట్టి శిక్షణ కన్పట్టుచున్నదని మా అభిప్రాయము. దానిని రెండు జీవితములను ఆధారముగా గొని పరిశీలింపదలచితిమి.

ముందుగ ఈ సీమనుగూర్చి ఒక మాట. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగములతో ఒంగోలు జిల్లా ఏర్పడి 1972లో ప్రకాశము జిల్లా యను పేరు వహించినది. 2022లో పల్నాడు, బాపట్ల జిల్లాలు వేఱుపడినవి. పాలనావిభాగములు ఎట్లు మాఱినను, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు, బాపట్ల, తెనాలి కళావిషయమున ఒక్క మండలముగనే మెలగినవి. ఉత్తరాంధ్రమున విజయనగర సంస్థానము సంగీతమును పోషించినది. 1919లో అచ్చట సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడయ్యెను. గుంటూరు మండలమున వాసిరెడ్డి వేంకటాద్రి నాయని తరువాత అంతటి రాజపోషకులు లేరు. ఇచ్చటి కళాకారునకు దాత రైతు. మిరప కల్లములలో ఎండి, ప్రత్తి బోరెములకెక్కి, చేతికి సొమ్ము వచ్చు మాఘ ఫాల్గుణములలోనే పెండ్లిండ్లును, తిరునాళ్ళును సాగును. మహాశివరాత్రికి కోటప్పకొండ క్రింద ప్రభలు నిలిచిన రాత్రి నాటకమును, బుర్రకథను, సన్నాయిమేళమును ఒక్క ప్రేక్షకుడే వినును. ఆస్థానమున శ్రోతల అభిరుచి ఒక్కటిగ నుండును. తిరునాళ్ళలో అట్లు కాదు. పలురుచులుగల జనమును రాత్రియంతయు కూర్చుండబెట్టవలసిన కళాకారుడు పలువిద్యలు నేర్వక తప్పదు. ఈ సీమలో సంప్రదాయములు ఒండొంటిని సోకుటకు ఇది ఒక ప్రబలకారణమని మేము తలంచుచున్నాము.

దూదేకులవారు ఇస్లామును అనుసరించు తెలుగువారు. దూదిని ఏకుట వారి కులవృత్తి. పింజారులనియు వారిని పిలుతురు. ఏకెడు విల్లునకు నారి బిగించి కొయ్యసుత్తితో మీటగా దూది విడివడును. ఆ మ్రోత లయబద్ధముగ నుండును. ఈ విల్లునుండియే వారి సంగీతము పుట్టినదని చెప్పుట వినుటకు ఇంపుగ నుండునుగాని, దానికి ఆధారము లేదు. జిన్నింగు మిల్లులు వెలసి చేతిపని తగ్గుటవలన వారు వాద్యవృత్తికి మఱలిరనుట మఱియొక వాదము. ఇదియు పూర్తిగ నిలువదు. కరవది మొదలగు గ్రామములలోని నాదస్వర కుటుంబములవారు తమ విద్య పెక్కు తరములనుండి వచ్చుచున్నదని చెప్పుకొందురు. మిల్లులకన్న అది పాతది. రెండు మతములకు నడుమ, రెండు వృత్తులకు నడుమ నిలిచిన ఈ సంఘము ఆలయపు గుమ్మముకడ వాద్యమును చేపట్టియుండుట మాత్రము నిస్సంశయము. ఇండ్లలో ఉర్దూకన్న తెలుగే వారికి పలుకుబడి. త్యాగరాజ కృతుల సాహిత్యమును అర్థము తెలిసి వాయించుటకు ఇది ఎంతయో తోడ్పడినది.

షేక్ చినమౌలానా సాహెబు 1924లో ఒంగోలు చెంతనున్న కరవదిలో జన్మించెను. ఇంటి విద్యతో మొదలుపెట్టి, చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబు కడ శిక్షణ పొందెను. అంతవఱకు ఆయన నడచినది ఈ సీమలోని వాదకులెల్లరు నడచిన బాటయే. ఆయన జీవితమున మలుపు తంజావూరు బాణీ. తిరువావడుదురై రాజరత్నం పిళ్లై (1898–1956) వాదనము ఆయన మనస్సును దోచుకొన్నది. రాజరత్నం పిళ్లై చేసిన మార్పు సామాన్యమైనది కాదు. అదివఱకు వాడుకలోనున్న 'తిమిరి' పొట్టివాద్యము, హెచ్చు శ్రుతి గలది. ఊరేగింపులో దూరమునకు వినబడుటకు అది అనువైనది. దానికి బదులు 'బారి' యను పొడవైన, శ్రుతి తక్కువగల వాద్యమును ఆయన కచేరీవేదిక నెక్కించెను. రాగాలాపనను గాత్రమువలె విస్తరించుటకు అది అవకాశమిచ్చినది. వీధిలో నడచుచు వాయించెడు వాద్యము కూర్చుండి వినెడు వాద్యమైనది.

దూరమునుండి విని అనుకరించుటతో చినమౌలానా తృప్తి చెందలేదు. తమిళదేశమునకు పోయి నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరులకడ ఆ బాణీని క్రమముగ అభ్యసించెను. తుదకు శ్రీరంగముననే స్థిరపడెను. భాష వేఱు, మతము వేఱు, శిష్యపరంపర వేఱు. తంజావూరు నాదస్వరము తరతరములుగ ఆ ప్రాంతపు కుటుంబములలో నిలిచియున్న విద్య. అందు వెలుపలివాడు ప్రవేశించి, అచ్చటివారిచేతనే తమ బాణీకి ప్రతినిధిగ అంగీకరింపబడుట సంగీతచరిత్రలో అరుదుగ జరుగును. 1977లో ఆయనకు పద్మశ్రీ లభించినది. 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదమిచ్చి సత్కరించినది. మఱుసటి సంవత్సరము ఆయన కీర్తిశేషుడయ్యెను. శ్రీరంగములో ఆయన నెలకొల్పిన పాఠశాలకు శారదా నాదస్వర సంగీత ఆశ్రమమని పేరు. ఒక ముసల్మాను శారదపేర విద్యాలయము నెలకొల్పుటను పత్రికలవారు మతసామరస్యమునకు గుర్తుగ పొగడుదురు. ఆ పొగడ్త నిజమే. కాని అందు సాధనచేసిన యేండ్ల కష్టము కనుమరుగగుచున్నది. ఆయన ముసల్మానై నాదస్వరము వాయించుట వింత కాదు. ఆయన సీమలో అది మామూలు. తంజావూరు బాణీని తంజావూరువారు మెచ్చునట్లు వాయించుటయే విశేషము.

ఇక రెండవ జీవితమును గూర్చి చెప్పుటకు ముందు రంగస్థలమును తలంపక తప్పదు. నాదస్వరము ఆలయమునకును, జంగముకథ వీధికిని చెందియుండగా, ఈ రెంటికిని నడుమ పద్యనాటకము వంతెనయైనది. 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజము తెలుగునాట ప్రదర్శనములిచ్చినప్పటినుండి హిందుస్థానీ మట్టులు మన వేదికకు అలవడినవి. పద్యము కర్ణాటక రాగములో, పాట పార్సీ మట్టులో, శ్రుతి ఐరోపా నుండి వచ్చిన హార్మోనియముపైన! చనిపోయిన రాజు 'వన్స్‌మోర్' కేకలకు లేచి పద్యము పాడి మరల చనిపోవుటనుగూర్చిన హాస్యోక్తులు అందఱు ఎఱిగినవే. తెనాలి ఈ నాటకములకు పట్టుగొమ్మ. బాపట్ల వాస్తవ్యుడగు స్థానం నరసింహారావు (1902–1971) స్త్రీపాత్రలలో యశస్సు గడించినది ఈ రంగముననే. 1940లో ఆకాశవాణి హార్మోనియమును నిషేధించి చాలకాలము దానిని దూరముగ నుంచినది. పల్లెలలోని నాటకవేదిక మాత్రము దానిని విడువలేదు. సంప్రదాయజ్ఞులు అపభ్రంశమని త్రోసివేసిన ఈ కలగాపులగపు బడిలోనే ఒక తరము కళాకారులు స్వరజ్ఞానము సంపాదించిరి.

ఆ బడిలో తయారైనవాడు షేక్ నాజర్. 1920లో గుంటూరు చెంతనున్న పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబమున పుట్టెను. బాలనటుడుగ నాటకములలో స్త్రీపాత్రలు ధరించెను. నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్యకడ కర్ణాటక సంగీతము అభ్యసించెను. కచేరీ విద్వాంసుడగుటకు వలసిన గొంతును, విద్యయు ఆయనకున్నవి; పోషకులు లేరు. ఆ కాలమున గుంటూరు జిల్లాలో కమ్యూనిస్టు కార్యకర్తలు ప్రచారమునకై జానపద కళారూపములను వెదకుచుండిరి. 1943లో బొంబాయిలో భారత ప్రజానాట్య సంఘము ఏర్పడినది. తెలుగునాట వైద్యుడగు గరికపాటి రాజారావు మున్నగువారి కృషితో ప్రజానాట్యమండలి నెలకొన్నది. నాజరు బుర్రకథను చేపట్టినది ఈ సందర్భమున.

బుర్రకథకు మూలము జంగముకథ. కథకుడు నడుమ నిలిచి భుజమున తంబురా దాల్చి మీటుచు, వేళ్ళకు తొడిగిన లోహపు అందెలను తాళముగ మ్రోగించును. ఇరుప్రక్కల వంతలు గుమ్మెటలు వాయించుచు 'తందాన' పలుకుదురు. శైవజంగములు తమ భార్యలను వంతలుగ నిలుపుకొని రాత్రులతరబడి వీరగాథలు చెప్పెడివారు. తంబురా సొరకాయబుర్రను బట్టి బుర్రకథ యను పేరు వచ్చినదందురు. రూపమున పాతదానిని అట్లే యుంచి, ఒక వంతకు హాస్యమును, రెండవ వంతకు వర్తమాన రాజకీయ వ్యాఖ్యానమును పంచియిచ్చుట ఈ నూతన దళముల కాలమున స్థిరపడినది. సుంకర సత్యనారాయణ 'కష్టజీవి' వంటి కథలను వ్రాసెను. నాజరు తానే 'పల్నాటి యుద్ధము', 'బొబ్బిలి యుద్ధము' మున్నగువానిని కూర్చి చెప్పెను; 1943 నాటి వంగదేశపు కఱవును కథావస్తువుగ గ్రహించెను.

నాజరు చేసిన పనిని కొందఱు 'జానపదమునకు శాస్త్రీయపు మెఱుగు' అని వర్ణింతురు. ఈ మాట మాకు సమ్మతము కాదు. మెఱుగు పైపైన పూయునది. నాజరు రాగమును రసముననుసరించి మార్చెను; యుద్ధవర్ణనకు ఒక నడక, శోకమునకు మఱియొక నడక. నాటకవేదికపై నేర్చిన అభినయముచే ఒక్కడే పలుపాత్రలుగ మాఱెను. అడుగులో నాట్యము, గొంతులో సంగీతము, మాటలో నాటకము కలసినవి. అయినను వినువానికి అది బుర్రకథయే. తంబురా భుజమునుండి దిగలేదు. గుమ్మెటలకు బదులు తబలా రాలేదు. వంత 'తందాన' మానలేదు. మూడు విద్యలు వచ్చి జానపదరూపపు కట్టుబాటుకు లోబడినవి. కర్ణాటక సంగీతము తెలిసినవాడు తన విద్యను ప్రదర్శించుటకై ఈ రూపమును వాడుకొనియున్నచో అది హరికథకు నకలుగ మాఱియుండెడిది. ఎచ్చట ఆలాపనను నిలిపి వచనమునకు దిగవలెనో ఎఱుగుట ఆయన ప్రతిభ.

పల్నాటి కథ ఇందుకు మంచి తార్కాణము. కారెంపూడిలో ఏటేట కార్తికమున వీరారాధన జరుగును. వీరవిద్యావంతులు ఆ కథను ఆరాధనాంగముగ గానము చేయుదురు; శ్రీనాథునిపేర ద్విపదకావ్యమును గలదు. పూజలో భాగమైన గాథ, కావ్యమైన గాథ, రెండును నాజరునకు ముందే యున్నవి. ఆయన మూడవ దానిని సృష్టించెను: ఏ ఊరిలోనైనను, ఏ కులమువారైనను, కూర్చుండి రెండు మూడు గంటలలో వినదగినది. ఆరాధన చేయు అర్హత వంశమున గలవారిది, వినుట అందఱిది. పల్నాటికి వెలుపల బ్రహ్మనాయుని, నాగమ్మను జనము నోళ్ళ నానునట్లు చేసినవానిలో ఈ బుర్రకథ ముఖ్యమైనది. ఆరాధనగాథకును బుర్రకథకును గల సంబంధమును పాఠమునకు పాఠము సరిపోల్చి చూచుట పరిశోధక విద్యార్థులకు తగిన పని. వీరవిద్యావంతుల గానమును, నాజరు గొంతును ప్రక్కప్రక్కన పెట్టి వినినగాని నడకల తేడా తెలియదు. అచ్చుపాఠము ఇందుకు చాలదు.

జంగములనుండి వచ్చిన శుద్ధరూపము రాజకీయప్రచారముచేత చెడినదను విమర్శ గలదు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. దళములు పెరిగిన కొలది నినాదమే కథయైన ప్రదర్శనములును వచ్చినవి. సంగీతము లేని కార్యకర్త తంబురా పట్టినచోట రూపము పలుచబడినది. ఐనను ఆ దోషము సమ్మేళనమునది కాదు, శిక్షణలేమిది. 1948 తరువాత నిర్బంధములు పెరిగి ప్రజానాట్యమండలి ప్రదర్శనములు అణగారినవి. ప్రచారావసరము తీరిన పిమ్మటను నాజరు బుర్రకథ నిలిచినది. ప్రచారమే దాని ప్రాణమైయున్నచో అట్లు నిలువజాలదు.

మండలి కళాకారులు పెక్కురు చలనచిత్రములకు మఱలిరి. గుంటూరు జిల్లా లింగాయపాలెమున పుట్టి, పిమ్మట జానపద కళారూపములపై విస్తృతగ్రంథము వ్రాసిన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి వారిలో ఒకరు. రాజారావు 1953లో 'పుట్టిల్లు' చిత్రమును తీసెను. దుగ్గిరాలలో పెరిగిన జమున నటిగ పరిచయమైనది అందే. దానిలో నాజరు బుర్రకథను చేర్చిరి. చిత్రము విజయము పొందలేదుగాని, బుర్రకథ వెండితెఱపై తెలుగువారికి పరిచితమగుటకు అట్టి చిత్రములు తోడ్పడినవి.

చలనచిత్రముచే కలిగిన మఱియొక సమ్మేళనమును ఇచ్చట చెప్పవలెను. ఇది దూదేకులవారిది కాకున్నను, పైని చెప్పిన బాణీతో ముడిపడియున్నది. రేపల్లె ప్రాంతమున పల్లపట్లలో 1938లో జన్మించిన ఎస్. జానకి బాల్యమున నాదస్వర విద్వాంసుడగు పైడిస్వామికడ సంగీతము నేర్చెను. 1962లో 'కొంజుం సలంగై' యను తమిళచిత్రమునకై కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరముతో పోటీగ ఆభేరిరాగమున ఒక పాట పాడెను. తెలుగున అది 'మురిపించే మువ్వలు'గ వచ్చినది. స్త్రీకంఠము నాదస్వరపు వేగమును, గమకమును అడుగడుగున వెంబడించుట ఆ పాటలోని ఆకర్షణ. అరుణాచలం రాజరత్నం పిళ్లై శిష్యుడు. కరవదినుండి బయలుదేరిన సాహెబును, పల్లపట్లనుండి బయలుదేరిన గాయనియు, ఒకరినొకరు ఎఱుగకయే, ఒక్క తంజావూరు వాదకుని బాణీని వేర్వేరు ద్వారములగుండ చేరుకొనిరి. ఒకరిది కచేరీ, మఱియొకరిది సినిమా. సంగీతచరిత్రలను శాస్త్రీయము, జానపదము, లలితము అని అధ్యాయములుగ విభజించువారి గ్రంథములలో ఈ ఇరువురును ఒక్క పుటలో కన్పట్టరు. నాజరు మూడవ పుటలో నుండును. నరసరావుపేటలో కర్ణాటక సంగీతము నేర్చినవాడు జానపద విభాగమున మాత్రమే జమకట్టబడుట ఎంతవఱకు న్యాయము?

ఈ విభజన కేవలము పుస్తకముల సౌకర్యార్థమై వచ్చినచో ఉపేక్షింపవచ్చును. దానివలన గౌరవమును విభజింపబడినది. నాజరు బ్రతుకుకథను అంగడాల వెంకటరమణమూర్తి ఆయన నోటనుండి విని గ్రంథస్థము చేసెను. ఆ పుస్తకమునకు పెట్టిన పేరు 'పింజారి'. తెలుగున ఆ మాట తిట్టుగ వాడబడుట పాఠకులెఱుగుదురు. వృత్తిపేరు తిట్టగుటకు దూది ఏకువాని పేదఱికము తప్ప వేఱొక కారణము కానరాదు. 1986లో పద్మశ్రీ వచ్చినది. 1997లో ఆయన మరణించెను. బుర్రకథా పితామహుడని లోకము పిలిచిన వాని జీవితచరిత్ర ఆ తిట్టునే శీర్షికగ ధరించి నిలిచియున్నది. పేరు మార్చుకొనుమని సలహా చెప్పువారికి అంతకన్న సూటియైన జవాబు ఉండదు.

ఇప్పుడు మొదట పేర్కొన్న శ్రీనివాస్ ఉదాహరణమును మరల చూతము. విద్యుత్ మాండలిన్ అనగానే పాశ్చాత్యమను భావము తోచును. ఆయన తంత్రులను, వాద్యమును గమకమునకు అనుకూలముగ మార్చుకొని, ముందు కర్ణాటక సంగీతమున పూర్ణుడై, పిమ్మట పరదేశీయులతో కలసి వాయించెను. వాద్యమును ఎరువు తెచ్చుకొని విద్యను సొంతము చేసికొనుట ఆయన మార్గము. చినమౌలానాది బాణీని ఎరువు తెచ్చుకొని దానియందే కలసిపోవుట. నాజరుది విద్యను దాచి రూపమునకు లొంగుట. ఈ మూడింటిని ఒక్క 'మిశ్రమము' అను పేరుతో పిలుచుట శాస్త్రదృష్టికి చాలదు. ఎవరు ఎవరి కట్టుబాటునకు లోబడిరి యను ప్రశ్న వేసినగాని తేడా తెలియదు.

నాదస్వరపు శాఖ ఇంకను ఎండలేదు. చినమౌలానా శిష్యులగు షేక్ మహబూబ్ సుభాని, కాలీషాబీ దంపతులు ఈ తీరాంధ్రపు నాదస్వర కుటుంబములకే చెందినవారు. శ్రీరంగమున స్థిరపడి జంటగ వాయించుచు, 2020లో పద్మశ్రీ పొందిరి. ఆలయవాద్యముగ పురుషులచేతులలోనే యుండిన నాదస్వరమును ఒక ముసల్మాను స్త్రీ కచేరీవేదికపై భర్త ప్రక్కన కూర్చుండి వాయించుట, గురువు దాటిన గుమ్మములకు తోడు మఱియొక గుమ్మమును దాటుటయే.